పొగగొట్టంలోని ఉత్ప్రేరకం: తీసివేయుట పరిష్కారమా?

నంద్యాల నుండి మహానందికి దారి సుమారు 15 కిలోమీటర్లు. నల్లమల పాదాన ఉన్న ఈ క్షేత్రానికి యాత్రికులను, చుట్టుపట్ల తోటల నుండి అరటిగెలలను, అడవి అంచు పల్లెలకు సరుకులను చేరవేసే బండ్లలో డీజిలు జీపులకు, బొలేరో వంటి వాహనాలకు పెద్ద పాలు ఉన్నది. రాళ్లబాటలు, వంకలు, ఇసుక, ఎత్తుపల్లాలు గల ఈ నేలలో అట్టి బండ్లు లేనిదే ఎందరికో బ్రదుకు సాగదు. మన విద్యార్థులలోను ఈ బండ్లపై ఆధారపడిన ఇండ్లవారు, సెలవుదినాలలో మెకానిక్కు షెడ్డులో పనిచేసి నాలుగు రూపాయలు సంపాదించుకొనేవారు కలరు. అందువలన వారి నోట వినవచ్చే ఒక ప్రశ్ననే ఈ సంచికలో పాఠంగా స్వీకరిస్తున్నాము.

ప్రశ్న ఇది. టర్బో డీజిలు బండికి పికప్ తగ్గినప్పుడు, సైలెన్సరు దారిలో ఉండే ‘క్యాటలిటిక్ కన్వర్టరు’ అనే డబ్బాను కోసివేసి, ఆ చోట ఖాళీ గొట్టం అతికిస్తే బండి మునుపటి కంటె బాగుగా లాగుతుందని కొందరు చెప్తారు. ఇందులో నిజమెంత? అది చేయదగిన పనియేనా?

మేము తెలుగు బోధించేవారము. యంత్రవిద్య మా వృత్తి కాదు. అయినను ఒక మాటకు అర్థం తెలియకుండ ఆ మాట సూచించే వస్తువును పారవేయుట తగదనే నమ్మకంతో, పదం నుండి మొదలుపెట్టి పదార్థం వరకు పరిశీలిస్తాము.

1. పేరులోనే ఉన్న పని

క్యాటలిస్టు అనే మాటకు మన పాఠ్యగ్రంథాలలో ‘ఉత్ప్రేరకం’ అని వ్యవహారం. ప్రేరకం అనగా పురికొల్పేది. ‘ఉత్’ అనే ఉపసర్గ పైకి, మిక్కిలిగా అనే అర్థాన్ని చేరుస్తుంది. ఉర్దూ శాస్త్రగ్రంథాలలో ఇదే వస్తువుకు ‘అమల్ అంగేజ్’ అని పేరు. అమల్ అనగా క్రియ, అంగేజ్ అనగా రేకెత్తించేది. రెండు భాషలును ఒకే భావాన్ని పట్టుకొన్నవి. ఈ భావానికి 1835లో ‘క్యాటలిసిస్’ అని నామకరణం చేసినవాడు స్వీడను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్.

ఉత్ప్రేరకం ఒక రసాయన చర్యను త్వరపరుస్తుంది గాని, ఆ చర్యలో తాను ఖర్చు కాదు. మన పెళ్లిళ్ల పేరయ్య ఇరుపక్షాలను కలిపి ముడి వేయించి, తాను మాత్రం ఎప్పటివలెనే మరొక సంబంధానికి బయలుదేరుతాడు గదా! అటువంటిదే ఇదియును. ఈ కారణం చేతనే పొగగొట్టంలోని డబ్బా, దానిని మనం పాడుచేయనంత కాలం, ఏండ్ల తరబడి పనిచేయగలదు.

2. డబ్బాలో ఏమున్నది?

పైకి చూస్తే అది ఒక ఉక్కు డబ్బా. లోపల తేనెపట్టు వంటి పింగాణి దిమ్మె ఉంటుంది. ఆ దిమ్మెకు చదరపు అంగుళానికి సుమారు 400 సన్నని రంధ్రాలు ఈ కొస నుండి ఆ కొస వరకు ఉంటవి. రంధ్రాల గోడలపై అల్యూమినా అనే పదార్థపు పలుచని పూత, ఆ పూతలో ప్లాటినం, పల్లాడియం అనే విలువైన లోహాల అతిసూక్ష్మ కణాలు ఉంటవి.

అల్యూమినా పూతకు గల విశేషం దాని గరుకుదనం. ఒక గ్రాము అల్యూమినాలోని సందుగొందులన్నియు విప్పి పరచినచో సుమారు 100 చదరపు మీటర్ల వైశాల్యం తేలుతుంది. ఆ లెక్కన 100 గ్రాముల పూతకు 10,000 చదరపు మీటర్లు, అనగా రెండున్నర ఎకరాలకు దగ్గర. మహానంది ఊటనీటితో పండే ఒక చిన్న అరటితోట అంతటి విస్తీర్ణం చేతబట్టుకొనదగిన డబ్బాలో ఇమిడి ఉన్నదన్నమాట. పొగ ఆ తోటనంతయు తాకుతూ వెలుపలికి పోతుంది.

డబ్బా సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిమి పొందిన పిదపనే పని మొదలుపెడుతుంది. అప్పుడు జరిగే చర్యలు ముఖ్యంగా మూడు. మొదటిది, రెండు కార్బన్ మోనాక్సైడు అణువులు ఒక ఆక్సిజన్ అణువుతో కలిసి రెండు కార్బన్ డయాక్సైడు అణువులు అవుతవి. రెండవది, సగం కాలిన ఇంధనపు ఆవిరులైన హైడ్రోకార్బన్లు కాలి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు అవుతవి. మూడవది, మసికణాలకు అంటుకొని ఉండే జిడ్డు పదార్థంలో పెద్ద భాగం కాలిపోతుంది.

ఇది చేయలేని పనులును చెప్పవలెను. మసిలోని గట్టి బొగ్గును ఇది తొలగించదు. నత్రజని ఆక్సైడులను తగ్గించదు. పైపెచ్చు వానిలో కొంత భాగాన్ని నైట్రోజన్ డయాక్సైడుగా మారుస్తుంది. పెట్రోలు బండిలోని కన్వర్టరు మూడు మాలిన్యాలను ఒక్కసారిగా అణచగలదు. డీజిలు ఇంజనులో గాలి ఎప్పుడును అవసరానికి మించి ఉంటుంది గనుక, ఆ మిగులు ఆక్సిజన్ ఎదుట నత్రజని ఆక్సైడుల నుండి ఆక్సిజన్‌ను విడదీయుట ఈ డబ్బాకు సాధ్యపడదు. అందుచేతనే ఇటీవలి డీజిలు బండ్లలో మసిని పట్టే వడపోత డబ్బాను, నత్రజని ఆక్సైడులకు వేరు ఏర్పాట్లను చేర్చినారు.

3. ఇది ఎట్లు వచ్చినది?

ఫ్రాన్సులో పుట్టి అమెరికాలో స్థిరపడిన యూజీన్ హూద్రీ అనే ఇంజనీరు 1950 దశకంలో పొగగొట్టపు ఉత్ప్రేరకానికి రూపం కల్పించినాడు. అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం ప్లాటినం కణాలను కప్పివేసి ఉత్ప్రేరకాన్ని చంపివేస్తుంది గనుక ఆ సాధనం వెంటనే వ్యాప్తికి రాలేదు. 1970 నాటి శుద్ధ వాయు చట్టం ఫలితంగా, అమెరికాలో 1975 మోడలు కార్లతో దీని వాడుక విస్తృతమైనది. మనదేశంలో 1995 ఏప్రిల్ నుండి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాలలో కొత్త పెట్రోలు కార్లకు దీనిని తప్పనిసరి చేసి, సీసం లేని పెట్రోలును అందుబాటులోనికి తెచ్చినారు.

డీజిలుకు సీసం బెడద లేదు గాని గంధకపు బెడద ఉన్నది. గంధకం ఉత్ప్రేరకాన్ని మందగింపజేస్తుంది. అందువలన బండిని, ఇంధనాన్ని కలిపి సంస్కరింపవలసి వచ్చినది. భారత్ స్టేజ్ మూడవ ప్రమాణంలో డీజిలులో గంధకం పదిలక్షల పాళ్లకు 350 పాళ్లు. నాలుగవ ప్రమాణంలో 50. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట అమలైన ఆరవ ప్రమాణంలో 10 మాత్రమే.

“మా నాయన కాలపు జీపుకు ఈ డబ్బా ఏదీ? అది కొండ ఎక్కలేదా?” అని కొందరు అడుగుతారు. ఎక్కినది. ఆ ఇంజను ఆ కాలపు డీజిలుకు, ఆ కాలపు లెక్కలకు తగినట్లు కట్టినది. నేటి ఇంజనులో ఇంధనం ఎంత, ఎప్పుడు, ఎన్ని విడతలుగా చిమ్మవలెనో నిర్ణయించే కంప్యూటరు, పొగదారి చివర ఈ డబ్బా ఉన్నదనే లెక్కతోనే పనిచేస్తుంది. పాత ఇంటికి లేని దూలమని కొత్త ఇంటి దూలాన్ని పీకివేయలేము గదా!

4. డ్రైవరు మాటలోని నిజం

టర్బో అనగా పొగ వేగంతో తిరిగే ఒక చక్రం. ఆ చక్రానికి అదే ఇరుసుపై జోడించిన మరొక చక్రం గాలిని ఒత్తి ఇంజనులోనికి పంపుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో దీనికి పేటెంటు పొందినాడు. చక్రం తిరగవలెనంటే దానికి ముందున్న పొగ ఒత్తిడి, వెనుకనున్న ఒత్తిడి కంటె ఎక్కువగా ఉండవలెను. వెనుక దారి మూసుకొన్నచో ఈ తేడా తగ్గుతుంది, చక్రం మందగిస్తుంది, ఇంజనుకు గాలి తక్కువై, పొగ నల్లనై, బండి ఎత్తు ఎక్కలేక మొరాయిస్తుంది. కనుక మూసుకొనిపోయిన కన్వర్టరు బండి బలాన్ని తీస్తుందనుటలో సందేహం లేదు. దానిని తీసివేసినప్పుడు బండి ఒక్కసారిగా తేలికపడినట్లు తోచుటయును నిజమే.

అయితే ఆరోగ్యంగా ఉన్న కన్వర్టరు అడ్డు స్వల్పం. దాని రంధ్రాలు నేరుగా, తెరచి ఉంటవి. కంపెనీ నుండి వచ్చిన బండిలో టర్బో ఒత్తిడిని, ఇంధనాన్ని కంప్యూటరు ఒక హద్దులో ఉంచుతుంది గనుక, మంచి కన్వర్టరును తీసివేసినందువలన కలిగే లాభం చెప్పుకొనదగినది కాదు. లాభం కనిపించినదంటే కన్వర్టరు అప్పటికే మూసుకొని ఉన్నదని అర్థం. అప్పుడు అడగవలసిన ప్రశ్న ఒకటే: అది ఎందుకు మూసుకొన్నది?

5. రోగం ఒకచోట, కోత మరొకచోట

కన్వర్టరు పొగదారి కొసలో ఉంటుంది. పైన జరిగే ప్రతి తప్పిదమును దాని గుమ్మంలోనే చేరుతుంది. ఇంజెక్టరు కారితే కాలని డీజిలు వచ్చి దిమ్మెను జిడ్డు చేస్తుంది. అది అక్కడనే మండి దిమ్మెను కరిగింపవచ్చును. టర్బో సీలు పోయినచో ఇంజను ఆయిలు పొగతో వచ్చి, అందులోని భాస్వరం ఉత్ప్రేరకాన్ని కప్పివేస్తుంది. గాలి వడపోత దుమ్ముతో నిండితే మసి పెరుగుతుంది. ఈ మూలదోషాన్ని విడిచి డబ్బాను కోసివేయుట, కల్లోకి నీళ్లు కారుతున్న ఇంటిలో తడిసిన చాపను పారవేసి కప్పు జోలికి పోకుండుట వంటిది.

కావున పికప్ తగ్గిన బండిని ఈ వరుసలో చూడవలెనని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్తారు.

మొదట గాలి వడపోత. మన సీమ దుమ్ములో కంపెనీ పుస్తకం చెప్పిన గడువు కంటె ముందుగానే దీనిని మార్చవలసి వచ్చును. రెండవది డీజిలు వడపోత. మూడవది టర్బో నుండి ఇంజనుకు పోయే రబ్బరు గొట్టాలు, వాని క్లిప్పులు. రాళ్లబాట కుదుపులకు ఇవి వదులై ఒత్తిన గాలి దారిలోనే పోవచ్చును. నాల్గవది పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజనులోనికి మళ్లించే ఈజీఆర్ వాల్వు. ఇది మసిపట్టి తెరచుకొనియే ఉండిపోవుట తరచు జరిగేదే. ఐదవది ఇంజెక్టర్లు. ఆరవది టర్బో ఇరుసు ఊగులాట, ఆయిలు కారుట. క్లచ్చి జారుట, బ్రేకు పట్టుకొని ఉండుట కూడ బలహీనతగానే తోచునని మరువరాదు.

పొగ రంగు కూడ సాక్ష్యం చెప్తుంది. నల్లపొగ అనగా గాలి తక్కువ, ఇంధనం ఎక్కువ. నీలిపొగ అనగా ఆయిలు కాలుచున్నది. ఇంజను వేడెక్కిన పిదపను తెల్లపొగ వస్తున్నదంటే కాలని డీజిలు గాని, రేడియేటరు నీరు గాని పొగలో కలియుచున్నదని అనుమానింపవలెను.

ఇవన్నియు చూచిన తరువాత కన్వర్టరు వంతు. దానికి ముందున్న సెన్సారు రంధ్రంలో ఒత్తిడి మీటరు బిగించి, ఇంజను వేగం పెంచి, కంపెనీ చెప్పిన హద్దుతో పోల్చితే మూసుకొన్నదో లేదో తేలిపోతుంది. పది నిమిషాల పరీక్ష ఒక తప్పు కోతను ఆపగలదు.

6. తీసివేసినచో ఏమగును?

మొట్టమొదట మారేది వాసన. కన్నులు మండించే డీజిలు ఘాటుకు కారణమైన ఆవిరులలో పెక్కింటిని కాల్చివేసేది ఈ డబ్బాయే. అది లేని బండి వెనుక నిలుచున్నవారికి ఆ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

కంటికి కనబడనిది అంతకంటె ముఖ్యం. మహానంది కోనేటిలో నాణెం వేస్తే అడుగున స్పష్టంగా కనబడుతుంది. నీటి స్వచ్ఛతను కన్నుతో కొలువవచ్చును. గాలికి ఆ సౌకర్యం లేదు. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటె రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొంటుంది. పెట్రోలు ఇంజను కంటె డీజిలు ఇంజను దీనిని తక్కువగా విడుచుననుట నిజమే గాని, తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడుపుచు పనిచేసేవానికి ఆ తక్కువయును తక్కువ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2012లో డీజిలు పొగను మనుష్యులకు కేన్సరు కలిగించే వానిలో మొదటి వర్గంలో చేర్చినది. ఆ పొగను అందరికంటె ఎక్కువగా పీల్చేది ఎవరు? రోజంతయు బండి నడిపే డ్రైవరు, గొట్టం క్రింద పడుకొని పనిచేసే మెకానిక్కు, స్టాండులో నిలిచే ప్రయాణికులు. డబ్బా కోసినవాని ఊపిరితిత్తులకే ముందుగా బిల్లు వస్తుంది.

రెండవది యంత్రహాని. మసి వడపోత గల బండిలో ఉత్ప్రేరకం ఆ వడపోతకు వంటమనిషి వంటిది. వడపోతలో నిండిన మసిని కాల్చుటకు సుమారు 600 డిగ్రీల వేడిమి కావలెను. కంప్యూటరు కొంత డీజిలును అదనంగా పంపగా ఉత్ప్రేరకమే దానిని కాల్చి ఆ వేడిమిని పుట్టిస్తుంది. ఉత్ప్రేరకం తీసివేసినచో మసి కాలదు, వడపోత మూసుకొంటుంది. కంప్యూటరు మరల మరల డీజిలు పంపుతుంది. అందులో కొంత సిలిండరు గోడల వెంట జారి ఇంజను ఆయిలులో కలిసి దానిని పలుచన చేస్తుంది. బేరింగులు అరుగుతవి. హెచ్చరిక దీపం వెలుగుతుంది; ఇంజనును కాపాడుటకై కంప్యూటరే బండి బలాన్ని తగ్గిస్తుంది. బలం కోసం చేసిన పని బలాన్నే హరించినదన్నమాట.

మూడవది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషనులో నమోదైన వివరాలకు భిన్నంగా యజమాని బండిని మార్చరాదు. 2019లో జరిగిన సవరణతో చేరిన 182-ఏ సెక్షను, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి 5,000 రూపాయల జరిమానాను గాని, ఆరు నెలల వరకు జైలుశిక్షను గాని, రెండింటిని గాని విధింపవచ్చునని చెప్తున్నది. కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘించిన బండి నడిపేవారికి 190వ సెక్షను క్రింద 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, లైసెన్సు తాత్కాలిక రద్దు కలవు.

“పొగ సర్టిఫికెట్టు వస్తున్నది గదా” అనే సమాధానం వినబడుతుంది. ఈ మాటను జాగ్రత్తగా విచారింపవలెను. డీజిలు బండికి చేసే ఆ పరీక్ష ఆక్సిలరేటరు తొక్కినప్పుడు వెలువడే పొగ సాంద్రతను కొలుస్తుంది. నాలుగవ ప్రమాణానికి ముందటి బండ్లకు 65, ఆ ప్రమాణపు బండ్లకు 50 హార్ట్‌రిడ్జి యూనిట్లు హద్దు. ఆ పరికరం చూచేది పొగ నలుపును. కార్బన్ మోనాక్సైడును గాని, కన్నులు మండించే ఆవిరులను గాని అది కొలువదు. ఉత్ప్రేరకం చేసే పనిలో ముఖ్యభాగం ఆ కాగితం చూడని చోటనే జరుగుతున్నది. పరీక్షలో నెగ్గుట వేరు, నిర్దోషిగా ఉండుట వేరు. ఈ భేదం విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు!

పెద్ద కంపెనీలును ఈ భేదాన్ని మరచినవి. జర్మనీకి చెందిన ఫోక్స్‌వాగన్ కంపెనీ డీజిలు కార్లలో, పరీక్ష జరుగుచున్నదని గుర్తించి అప్పుడు మాత్రమే మాలిన్యాన్ని తగ్గించే ప్రోగ్రాము ఉన్నట్లు 2015 సెప్టెంబరులో అమెరికా పర్యావరణ సంస్థ బయటపెట్టినది. ప్రపంచమంతట సుమారు కోటి పది లక్షల కార్లలో ఆ ప్రోగ్రాము ఉన్నట్లు కంపెనీ ఒప్పుకొన్నది. అంత పెద్ద సంస్థ కంప్యూటరుతో చేసినదానికి, మన వీధిలో కోత రంపంతో చేసేదానికి పరిమాణంలోనే తేడా గాని స్వభావంలో లేదు.

7. అడవి అభ్యంతరం

ఒక అభ్యంతరానికి మాత్రం గౌరవమివ్వవలెను. పనిచేయుచున్న కన్వర్టరు మిక్కిలి వేడిగా ఉంటుంది. మసి వడపోత శుభ్రపడే సమయాన ఆ వేడిమి మరింత హెచ్చును. మోకాలెత్తు ఎండుగడ్డిలో బండిని నిలిపినచో గడ్డి అంటుకొనే ప్రమాదం నిజంగా ఉన్నది. నంద్యాల నుండి గిద్దలూరుకు పోయే నల్లమల ఘాటుదారి చుట్టును వేసవిలో అడవి నేలంతయు ఎండుటాకులే. గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యమును ఆ ప్రాంతంలోనిదే. “అందుకే తీసివేస్తున్నాము” అనేవారికి మా సమాధానం ఇది: డబ్బా చుట్టు ఉండే వేడి రక్షక రేకును ఊడనీయవద్దు, ఊడినచో వెంటనే బిగించండి. గడ్డిపై, ఆకుల కుప్పపై బండిని నిలుపవద్దు. క్రింద చిక్కుకొన్న గడ్డిని దిగి లాగివేయండి. డబ్బా లేని బండికి కూడ టర్బో గొట్టం కాలుతూనే ఉంటుంది గనుక ఈ జాగ్రత్త అందరికిని అవసరమే.

దగ్గర దూరాలకు మాత్రమే తిరుగుచు అడుగడుగున ఆగే బండిలో పొగదారి చాలినంత వేడెక్కదు, మసి పేరుకొంటుంది. వడపోత దీపం వెలిగినప్పుడు నంద్యాల–కర్నూలు జాతీయ రహదారి వంటి మంచి దారిపై, బండి పుస్తకంలో చెప్పిన పద్ధతిని సుమారు ఇరవై నిమిషాలు ఆగకుండ నడిపితే పెక్కు సందర్భాలలో అది తనంతట తాను శుభ్రపడుతుంది. ఒక లీటరు రెండు లీటర్ల డీజిలుతో పోయేదానికి వేల రూపాయల కోత ఎందుకు?

8. నిజముగా తీయవలసి వచ్చినప్పుడు

రాయి తగిలి లోపలి దిమ్మె పగిలినను, కరిగినను, శుభ్రపరచుటకు వీలులేకుండ మూసుకొన్నను డబ్బాను తీయవలసినదే. తీసిన చోట అదే ప్రమాణపు కొత్తది పెట్టుట దాని రెండవ సగం. పగిలినదానికి గుర్తు, చల్లని డబ్బాను రబ్బరు సుత్తితో మెల్లగా తట్టినప్పుడు లోపల గలగలమనుట.

తీసే పద్ధతిని సంక్షేపంగా చెప్తాము. ఇంజను ఆపి కొన్ని గంటలు చల్లారనీయవలెను. బండిని సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, జాకీని మాత్రమే నమ్మక ఉక్కు స్టాండులపై నిలుపవలెను. బ్యాటరీ నెగటివు తీగ విప్పవలెను. తుప్పుపట్టిన బోల్టులకు ముందునాడే తుప్పు వదిలించే నూనె పట్టించి ఉంచినచో విరగవు. సెన్సారులను ముందుగా తీసి, వాని తీగలు లాగబడకుండ కట్టివేయవలెను. అటుపిమ్మట క్లాంపులు, బోల్టులు విప్పి, డబ్బా బరువును చేతితో ఆపుచు దించవలెను. పగిలిన దిమ్మె ధూళిని ఊదరాదు, పీల్చరాదు. మాస్కు, చేతితొడుగులు ధరించి సంచిలో కట్టివేయవలెను. కొత్తది అమర్చునప్పుడు గ్యాస్కెట్లు కొత్తవే వాడి, ఇంజను నడిపి అతుకుల వద్ద పొగ కారుట లేదని చూచి, కంప్యూటరులోని దోషసూచనలను తుడిచివేయవలెను. ఇంతకు ముందే మూలదోషం సరిచేయబడి ఉండవలెననుట చెప్పనక్కరలేదు. లేనిచో కొత్త డబ్బాకును పాతదాని గతియే.

ఇక్కడ ఒక హెచ్చరిక. తీసిన డబ్బా ఇనుప తుక్కు కాదు. అందులోని ప్లాటినం, పల్లాడియం తిరిగి రాబట్టదగినవి గనుక దానికి అంగడిలో విలువ ఉన్నది. విదేశాలలో నిలిపిన కార్ల క్రింద దూరి వీనిని కోసుకొనిపోయే దొంగతనాలు పెరిగినది ఇందువలననే. “ఇది పనికిరాదు, తీసివేద్దాము” అని సలహా ఇచ్చినవారు పాత డబ్బాను తామే ఉంచుకొంటామన్నప్పుడు, ఆ సలహా బండి మేలు కోరినదో తుక్కు విలువ కోరినదో యజమాని ఒకసారి ఆలోచించుకొనవలెను. పాత డబ్బాను తన ఎదుటనే లెక్కగట్టించి, అధికృతమైన తుక్కు కేంద్రానికి చేర్చుట ఉభయతారకం.

9. విద్యార్థులకు

కొత్త కన్వర్టరు ఖరీదు వేలలో ఉంటుందని, కోతకు అయ్యేది కొద్ది మొత్తమేనని మేము ఎరుగుదుము. దినవెచ్చానికి బండి నడిపేవానికి ఆ తేడా చిన్నది కాదు. వానిని దోషిగా నిలబెట్టుట ఈ వ్యాసం ఉద్దేశ్యం కాదు. వాని డబ్బును నిజంగా మిగిల్చేది సకాలంలో మార్చిన గాలి వడపోత, కారని ఇంజెక్టరు, బిగుతైన గొట్టం క్లిప్పు. ఆ మాట వానికి నమ్మకంగా చెప్పగలవాడు వాని ఇంటిలోనే చదువుకొంటున్న కుమారుడో, కుమార్తెయో, తమ్ముడో. రసాయన శాస్త్రపు తరగతిలో ఉత్ప్రేరకానికి నిర్వచనం వ్రాసి రెండు మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి, అదే నిర్వచనాన్ని షెడ్డులో బండి క్రింద గుర్తుపట్టిననాడు ఆ చదువు ఇంటికి ఉపయోగపడినట్లు.

మెకానిక్కు వృత్తిలో ప్రవేశింపదలచిన విద్యార్థులకు ఇంకొక మాట. ఏ భాగమైనను పనిచేయనప్పుడు తీసివేయుట ఎవరికైనను చేతనగును. అది ఏ కారణాన చెడినదో కనిపెట్టుటలోనే విద్య ఉన్నది. ఒత్తిడి మీటరు చదువుట, పొగ రంగు పోల్చుట, కంప్యూటరు సూచనను అర్థం చేసికొనుట నేర్చినవానికి రేపు ఏ కొత్త ఇంజను వచ్చినను పని కరువుండదు. రంపం ఒక్కటే నేర్చినవాడు మాత్రం బండి మారిన ప్రతిసారి వెనుకబడవలసినదే.